జ్వరం పోయింది, జలుబు తగ్గింది, దగ్గు మాత్రం వదలట్లేదు: ఆస్తమా ఉన్నవాళ్లు వరసగా చేయాల్సిన పనులు

డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్‌లో ఏ మందుల షాపు ముందు కాసేపు నిలబడ్డా ఇదే మాట వినిపిస్తుంది. "జ్వరం ఎప్పుడో తగ్గిందన్నా, దగ్గే పోతలేదు, మంచి సిరప్ ఉంటే ఇవ్వు." షాపతను ఒక సిరప్, ఒక అజిత్రోమైసిన్ యాంటీబయాటిక్ షీటు, కొంచెం ఎక్కువ బాధ చెబితే అలర్జీకి ఇచ్చే మాంటెలుకాస్ట్ షీటు కూడా కవర్లో వేసి ఇస్తాడు. మామూలు మనిషికి ఆ దగ్గు ఎలాగూ కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది కాబట్టి సిరప్ పనిచేసిందనుకుంటారు. ఆస్తమా ఉన్నవాళ్ల సంగతి వేరు. మనకి ఆ దగ్గు వెనక శ్వాసనాళాల లోపలి వాపు ఉంటుంది, దాన్ని సిరప్ ముట్టుకోదు, యాంటీబయాటిక్ కూడా ముట్టుకోదు. వాపు తగ్గించే మందు సరిగ్గా లోపలికి వెళ్లాలి, వాపుని రోజూ రెచ్చగొట్టేవి ఇంట్లోంచి బయటికి వెళ్లాలి, ఈ రెండూ జరిగాక కూడా దగ్గు ఆగకపోతే వేరే కారణం వెతకాలి. కింద రాసిందంతా ఈ వరసలోనే ఉంటుంది.

నాకు చిన్నప్పటి నుంచీ ఆస్తమా ఉంది, ఉండేది కూకట్‌పల్లిలో. నేను డాక్టర్‌ని కాను. మందు ఏది, డోసు ఎంత అన్నది మీ డాక్టరే చెప్పాలి. డాక్టరు గదిలోకి వెళ్లే ముందు, వచ్చిన తర్వాత మన చేతుల్లో ఉండే పని చాలా ఉంటుంది, దాని గురించే ఇదంతా.

ముందుగా ప్రమాదం లేదని తేల్చుకోండి

మిగతాది చదివే ముందు ఇది చూసుకోండి. ఒక వాక్యం పూర్తి చేయలేక మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తోందా? ఊపిరి తీసుకున్నప్పుడు పక్కటెముకల మధ్య, గొంతు కింద గుంటలు పడుతున్నాయా? పెదాలు, గోళ్లు నీలంగా మారుతున్నాయా? మనిషి మగతగా, అయోమయంగా ఉన్నారా? వేలికి పెట్టే ఆక్సీమీటరులో 92 కంటే తక్కువ చూపిస్తోందా? నీలం రంగు సాల్‌బుటమాల్ ఇన్‌హేలర్ కొట్టినా గంటలోపే మళ్లీ ఆయాసం వస్తోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లో ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. పిల్లికూతలు వినపడట్లేదు కదా, ఫర్వాలేదులే అనుకోవద్దు. బాగా ముదిరినప్పుడు లోపల గాలే ఆడక కూతలు కూడా ఆగిపోతాయి.

అంబులెన్స్ వచ్చేదాకా మనిషిని నిటారుగా కూర్చోబెట్టండి, పడుకోబెట్టొద్దు. బట్టలు వదులు చేసి, స్పేసర్ (ఇన్‌హేలర్‌కీ నోటికీ మధ్య బిగించే గొట్టం) పెట్టి సాల్‌బుటమాల్ ఇన్‌హేలర్ నాలుగు పఫ్‌లు ఇవ్వండి, అన్నీ ఒకేసారి నొక్కకుండా ఒక్కో పఫ్‌కి నాలుగు ఊపిరులు. నాలుగు నిమిషాలు ఆగి, తేడా లేకపోతే మళ్లీ నాలుగు. మీ డాక్టర్ ముందే రాసిచ్చిన పద్ధతి ఉంటే దాన్నే పాటించండి. చుట్టూ జనం మూగి విసనకర్రలు విసరడం, నోట్లో నీళ్లు పోయడం ఏమీ వద్దు.

ఇవేవీ లేవు, కేవలం దగ్గు మాత్రమే వేధిస్తోంది అంటే ముందుకు వెళ్దాం.

ఈ దగ్గు ఎందుకు ఆగట్లేదో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది

వైరస్ వచ్చి వెళ్లిపోయినప్పుడు శ్వాసనాళాల లోపలి పైపొరని దెబ్బతీసి వెళుతుంది. ఆ పొర కింద ఉండే నరాల చివర్లు బయటపడి, చల్లగాలి తగిలినా, నవ్వినా, ఫోన్‌లో కాస్త ఎక్కువసేపు మాట్లాడినా దగ్గు తెప్పిస్తాయి. పొర మళ్లీ పెరిగి మామూలు కావడానికి వారాలు పడుతుంది. అందుకే డాక్టర్లు జలుబు తర్వాత మూడు నుంచి ఎనిమిది వారాల దాకా ఉండే దగ్గుని ఒక రకంగా, ఎనిమిది వారాలు దాటిన దాన్ని దీర్ఘకాలిక దగ్గుగా వేరే రకంగా చూస్తారు.

ఆస్తమా ఉన్నవాళ్లలో ఆ నాళాలు జలుబుకి ముందే కొంచెం వాచి ఉంటాయి, చుట్టూ ఉన్న కండరం ఊరికే బిగుసుకునే స్వభావంతో ఉంటుంది. పైన వైరస్ పడేసరికి రెండూ పెరుగుతాయి, తెమడ చిక్కబడుతుంది. కొంతమందికి ఆయాసం, పిల్లికూతలు అసలు ఉండవు, దగ్గు ఒక్కటే ఉంటుంది. దాన్ని దగ్గు రూపంలో ఉండే ఆస్తమా అంటారు. "నాకు ఆస్తమా ఏంటండీ, నాకు దమ్ము రాదు కదా" అని చాలామంది ఏళ్ల తరబడి సిరప్‌లు తాగుతూ ఉండిపోయేది ఇక్కడే.

తెమడ పసుపుగా, పచ్చగా ఉంటే ఇన్‌ఫెక్షన్ అని, యాంటీబయాటిక్ కావాలని ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. రంగుని బట్టి అలా తేల్చలేరు. ఆస్తమా వాపులో చేరే కణాల వల్ల కూడా తెమడ రంగు మారుతుంది. తగ్గిన జ్వరం మళ్లీ రావడం, ఛాతీలో ఒకవైపు ఊపిరి తీస్తే గుచ్చినట్టు నొప్పి, ఆగకుండా పెరిగే ఆయాసం లాంటివి ఉంటే అప్పుడు న్యుమోనియా ఏమో చూడాలి.

ఇది ఆస్తమా దగ్గేనా, వేరేదా?

ఆస్తమా దగ్గుకి ఒక వేళాపాళా ఉంటుంది. రాత్రి రెండు, మూడు, నాలుగు గంటల మధ్య నిద్రలేపుతుంది, తెల్లారగానే ఎక్కువ, మధ్యాహ్నానికి తగ్గుతుంది. మెట్లెక్కితే, గట్టిగా నవ్వితే, పోపు ఘాటుకి, చల్లగాలికి పెరుగుతుంది. ఇంట్లో ఎవరికో ఆస్తమా, తుమ్ములు, చర్మంపై దురద దద్దుర్లు ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. అయితే ఈ గుర్తులు చూసుకుని మనమే తీర్పు చెప్పేసుకోకూడదు, ఎందుకంటే ఇవే రోజుల్లో వేరే కారణాలు కూడా కలిసి ఉంటాయి.

మొదట టీబీ. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా సరే తెమడ పరీక్ష చేయించుకోవాలని మన దేశంలో నియమం. "నాకు ఆస్తమా ఉంది కాబట్టి ఇది ఆస్తమా దగ్గే" అని ఈ పరీక్ష దాటేయకండి. సాయంత్రం పూట సన్న జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తెమడలో రక్తపు చారలు ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్ష, మందులు ఉచితం. మీ బస్తీ దవాఖానాలో అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఈ జబ్బులకే ఉంది. ఆ పేరు వినగానే భయపడే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి వాళ్లకి నచ్చజెప్పి తీసుకెళ్లండి.

తర్వాత మీరు వాడే మిగతా మందులు చూడండి. బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి వాడేవాళ్లలో కొందరికి పొడిదగ్గు వస్తుంది, ఆ మందు మారిస్తే కొన్ని వారాల్లో పోతుంది. మైగ్రేన్‌కి, చేతుల వణుకుకి, టెన్షన్‌కి ఇచ్చే ప్రొప్రనలాల్ ఆస్తమాని రెచ్చగొడుతుంది. గ్లకోమాకి వేసే టిమొలాల్ కంటి చుక్కలు కూడా అంతే, కంట్లో వేసే చుక్కకీ దగ్గుకీ సంబంధం ఏంటని ఎవరూ డాక్టరుకి చెప్పరు. కొంతమంది ఆస్తమా వాళ్లకి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ పడవు, జ్వరం వచ్చిన రోజుల్లో వీటిని వేసుకున్నాకే దగ్గు, ఆయాసం మొదలయ్యాయేమో గుర్తు తెచ్చుకోండి. బీపీ మాత్ర, గుండె మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి. చీటీలన్నీ తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి.

గొంతు వెనక నుంచి ఏదో కారుతున్నట్టు, పదే పదే గొంతు సవరించుకోవాలనిపిస్తే ముక్కు వైపు చూడాలి. ముక్కుకి వేరే స్ప్రే, ఉప్పునీళ్లతో కడగడం లాంటివి పనిచేస్తాయి, ఆ నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే అయ్యుండాలి. రాత్రి పదకొండింటికి బిర్యానీ తిని వెంటనే పడుకుంటే పుల్లటి తేన్పులు, ఆ వెంటే దగ్గు వస్తున్నాయా, అది కడుపులోంచి వచ్చే గొడవ. తిండికీ పడుకోవడానికీ మధ్య కనీసం రెండు మూడు గంటలు ఉంచి చూడండి.

ఇక పరీక్షల్లో స్పైరోమెట్రీ అడిగి చేయించుకోండి. గొట్టంలోకి బలంగా ఊది, ఇన్‌హేలర్ తీసుకున్నాక మళ్లీ ఊదుతారు. పెద్దవాళ్లలో మొదటి సెకనులో ఊదిన గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే ఆస్తమా వైపు గట్టి ఆధారం. కానీ పరీక్ష చేసిన పూట నాళాలు తెరుచుకుని ఉంటే రిపోర్టు నార్మల్ రావచ్చు, ఆస్తమా లేదని దానర్థం కాదు. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీయించడం మిగతా జబ్బుల్ని పక్కన పెట్టడానికి.

మందు ఊపిరితిత్తుల దాకా చేరుతోందా?

ఆస్తమా మందులు రెండు పనులకి రెండు రకాలు. సాల్‌బుటమాల్ లాంటివి బిగిసిన కండరాన్ని కాసేపు వదులు చేస్తాయి, నాలుగు గంటలు హాయిగా ఉంటుంది, వాపు మాత్రం అలాగే ఉంటుంది. బ్యుడెసొనైడ్, ఫ్లూటికాసోన్ లాంటి పీల్చే స్టెరాయిడ్లు వాపు తగ్గిస్తాయి, కానీ వాటి ఫలితం తెలియడానికి రోజులు, దగ్గుకైతే కొన్ని వారాలు పడుతుంది. చాలామంది వెంటనే హాయినిచ్చే నీలం ఇన్‌హేలర్‌ని ప్రేమగా దగ్గర పెట్టుకుని, రెండోదాన్ని "స్టెరాయిడ్ కదా" అని నాలుగు రోజులకి మానేస్తారు. దగ్గు నెలల తరబడి సాగడానికి నాకు తెలిసిన పెద్ద కారణం ఇదే.

ఆస్తమా మీద ప్రపంచ స్థాయి మార్గదర్శకాలు రాసే జీనా సంస్థ, పెద్దవాళ్లు, పన్నెండేళ్లు దాటిన పిల్లలు సాల్‌బుటమాల్ ఒక్కటే నమ్ముకుని ఉండకూడదని 2019 నుంచి చెబుతోంది. బ్యుడెసొనైడ్, ఫార్మొటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌ని రోజూ వాడుతూ, దగ్గు వచ్చినప్పుడు కూడా అదే తీసుకునే పద్ధతి ఉంది, అది మీకు సరిపోతుందేమో డాక్టర్‌ని అడగండి. ఏడాదిలో 200 పఫ్‌ల సాల్‌బుటమాల్ డబ్బాలు మూడో, అంతకంటే ఎక్కువో ఖాళీ అవుతున్నాయంటే ఉధృతంగా ఆయాసం వచ్చే ముప్పు పెరిగినట్టే.

అలవాటైపోతుందన్న భయం గురించి. ఇన్‌హేలర్ మత్తుమందు కాదు, దానికి బానిసలు కారు. డోసు లెక్క చూడండి. సాల్‌బుటమాల్ మాత్ర 2 నుంచి 4 మిల్లీగ్రాములు ఉంటుంది, ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములు. అంటే 4 మిల్లీగ్రాముల మాత్రలో ఉన్నదాంట్లో నలభయ్యో వంతు. మాత్ర కడుపులోకి, రక్తంలోకి, ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకి చేరాలి, అందుకే అంత పెద్ద డోసు, అందుకే ఆ గుండెదడ, చేతుల వణుకు. స్టెరాయిడ్ విషయంలోనూ అంతే. షుగర్ ఉన్నవాళ్లు ముఖ్యంగా వినాలి: మాత్రల స్టెరాయిడ్‌తో షుగర్ బాగా పెరుగుతుంది, పీల్చే దానితో మామూలు డోసుల్లో ఆ ప్రభావం చాలా తక్కువ. గర్భంతో ఉన్నవాళ్లు భయపడి ఇన్‌హేలర్ మానేయడం తల్లికీ బిడ్డకీ ప్రమాదం, డాక్టరుకి చెప్పి కొనసాగించండి.

ఇప్పుడు అసలు పని, పీల్చే పద్ధతి. తప్పు పద్ధతిలో కొడితే మందంతా నాలుక మీద, గొంతు వెనక పడి, మింగేస్తాం.

నొక్కితే గ్యాస్‌లా వచ్చే ఇన్‌హేలర్ అయితే స్పేసర్ తప్పకుండా వాడండి. అది పిల్లల కోసమో, ముసలివాళ్ల కోసమో కాదు. మూత తీసి, ఇన్‌హేలర్‌ని బాగా ఊపి, స్పేసర్‌కి బిగించండి. కొత్తదైనా, చాలా రోజులు వాడకుండా పక్కన పెట్టినదైనా ముందు గాల్లోకి కొన్నిసార్లు నొక్కి చూడాలి. నిటారుగా కూర్చుని ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలతో గొట్టాన్ని గట్టిగా మూసి, ఒక్కసారే నొక్కి, నోటితో నెమ్మదిగా, లోతుగా పీల్చండి. పది సెకన్లు బిగబట్టండి, అంతసేపు చేతకాకపోతే ఎంత అయితే అంత. దగ్గు వల్ల అలా కుదరకపోతే స్పేసర్ తీయకుండా ఐదారు మామూలు ఊపిరులు తీసుకున్నా సరిపోతుంది. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం నుంచి నిమిషం ఆగి, మళ్లీ ఊపి, మళ్లీ నొక్కాలి.

క్యాప్సూల్ పెట్టి పీల్చే పొడి ఇన్‌హేలర్ దీనికి పూర్తిగా ఎదురు. దాన్ని నెమ్మదిగా పీలిస్తే పొడి కదలదు, వేగంగా, బలంగా, ఒక్క ఊపున పీల్చాలి. పీల్చాక తెరిచి చూసి పొడి మిగిలి ఉంటే మళ్లీ పీల్చండి. అందులోకి ఊదకండి, తేమ తగిలితే పొడి గడ్డకడుతుంది. ఆ క్యాప్సూల్స్‌ని మింగే మాత్రలనుకుని నీళ్లతో వేసుకునే పెద్దవాళ్లు ఉంటారు, ఇంట్లో ఒకసారి దగ్గరుండి చూడండి.

స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ ఏదైనా సరే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు వస్తాయి. బ్రష్ చేసుకునే ముందు పెట్టుకుంటే మర్చిపోరు, పుక్కిలించడమూ అయిపోతుంది. స్పేసర్‌ని వారానికోసారో, కంపెనీ చెప్పినట్టో గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కడిగి, తుడవకుండా అలాగే ఆరనివ్వండి, గుడ్డతో తుడిస్తే లోపల విద్యుదావేశం పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మీ ఇన్‌హేలర్ మీరే తీసుకెళ్లి, ఆయన ముందు ఒకసారి పీల్చి చూపించండి. ఈ రెండు నిమిషాల పనికి ఏ స్కానింగూ సాటి రాదు.

మరో రెండు మాటలు ఇక్కడే. వీధి చివర ఆర్ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ చేయించుకుంటే కొన్ని గంటల్లో దగ్గు తగ్గినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే చాలాసార్లు అందులో ఉండేది స్టెరాయిడే. ఉధృతంగా ఉన్నప్పుడు కొద్దిరోజుల స్టెరాయిడ్ మాత్రలు డాక్టరే రాస్తారు, అది వైద్యం. ప్రతి నెలా పేరు తెలియని సూది వేయించుకోవడం ఎముకల్నీ, షుగర్‌నీ, కళ్లనీ పాడు చేసుకోవడం. అలాగే మాంటెలుకాస్ట్: కొందరికి పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు కూడా రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక పెట్టింది. డాక్టరు అవసరమని రాస్తే వాడండి, షాపులో అడిగి కొనకండి, పిల్లాడి ప్రవర్తన మారితే వెంటనే చెప్పండి.

రాత్రి మూడింటికి దగ్గు లేపితే

లైటు వేసి, లేచి కూర్చోండి. డాక్టరు చెప్పిన ఉపశమన ఇన్‌హేలర్ స్పేసర్‌తో తీసుకోండి. గోరువెచ్చని నీళ్లు గుక్క గుక్కగా తాగండి. దగ్గు ఇంకో దగ్గుని లాక్కొస్తుంది, ఎంత దగ్గితే గొంతు అంత ఒరుసుకుపోయి అంత దగ్గు వస్తుంది కాబట్టి ఆ గొలుసు తెంపాలి. దగ్గు వస్తోందనిపించగానే నోరు మూసి, ఒక గుటక మింగి, రెండు మూడు సెకన్లు ఊపిరి ఆపి, ముక్కుతో చిన్న చిన్నగా, మెత్తగా ఊపిరి తీసుకోండి. ఊపిరి వదిలేటప్పుడు పెదాలు ముడిచి, వేడి టీ మీద ఊదినట్టు నెమ్మదిగా వదలండి. ఇది పొడిదగ్గుకి పనికొస్తుంది. తెమడ వస్తుంటే ఆపకండి, రానివ్వండి.

తలగడ ఇంకొకటి పెట్టుకోండి. రాత్రి ఎన్నింటికి లేచారో ఫోన్‌లో రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంట్లో ఏం మార్చాలి

చలికాలంలో కిటికీలన్నీ మూసి, అటక మీద ఏడాదిగా ఉన్న రజాయిలు, బొంతలు దించి అలాగే కప్పుకుంటాం. ముక్కుకి ఆనించుకుని రాత్రంతా పీల్చేది ఆ దుమ్ము పురుగుల్నే. కప్పుకునే ముందే వేడి నీళ్లలో, 60 డిగ్రీల దగ్గర ఉతికి, మన ఎండలో ఆరేయాలి. ఉతకడానికి కుదరని బొంతకి ఉతికే గుడ్డ గలీబు కుట్టించండి. దులిపే పని ఆస్తమా ఉన్నవాళ్లు చేయొద్దు. ఊడ్చే బదులు తడిగుడ్డ పెట్టి తుడవండి.

దోమల కాయిల్, అగరుబత్తి, సాంబ్రాణి పొగ మూడింటినీ దగ్గు పూర్తిగా తగ్గేదాకా పడకగదికి దూరంగా ఉంచండి. సాంబ్రాణి విషయంలో ఇంట్లో పెద్దవాళ్లకి బాధ కలగొచ్చు. నూనె దీపం పెట్టుకోమని, పొగ మాత్రం వద్దని నెమ్మదిగా చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు. దోమలకి తెర కట్టుకోండి. వంటింట్లో ఎండుమిర్చి పోపు వేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, తలుపు మూసి, దగ్గు ఉన్నవాళ్లని వేరే గదిలో ఉంచండి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగితే బాల్కనీలోకి వెళ్లి తాగడం సరిపోదు, బట్టలకి అంటుకుని లోపలికి వస్తుంది.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకి పావురాల గురించి గట్టిగా చెప్పాలి. మన నగరంలో ఏసీ బయటి యూనిట్ కింద, డక్టుల్లో, బాల్కనీ మూలల్లో పావురాలు లేని బిల్డింగు అరుదు. ఎండిన రెట్ట, ఈకల పొడి ఆస్తమాని రెచ్చగొట్టడమే కాదు, కొందరిలో ఊపిరితిత్తుల లోపలి కణజాలమే వాచే వేరే జబ్బు తెస్తుంది. అది నెమ్మదిగా పెరిగే పొడిదగ్గు, ఆయాసంలా ఉండి ఆస్తమాలాగే కనిపిస్తుంది, ఆలస్యమైతే మచ్చలు పడి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. వల కట్టించండి. రెట్టని పొడిగా గీకొద్దు, నీళ్లు చల్లి తడిపి, మాస్క్ పెట్టుకున్న వేరే మనిషి చేత తీయించండి. బాల్కనీలో పావురాలు ఉన్నాయన్న మాట డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

బయటికి వెళ్లేటప్పుడు

చలి రోజుల్లో తెల్లవారుజామున నేలకి దగ్గరగా చల్లగాలి, దానిపైన వెచ్చని గాలి పొర నిలబడి పొగ పైకి పోకుండా ఆగిపోతుంది. కేబీఆర్ పార్కులో ఐదున్నరకి నడిచే అలవాటుంటే ఈ కొన్ని వారాలు ఎండ వచ్చాకే వెళ్లండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం, పటాన్‌చెరు లాంటి చోట్ల గాలి ఎలా ఉందో కనిపిస్తుంది. అందులో గాలి నాణ్యత అంకె (ఏక్యూఐ) 200 దాటిన రోజు బయట వ్యాయామం మానేయండి. బైక్ మీద వెళ్లేవాళ్లు ఎన్95 మాస్క్ పెట్టుకోండి, గుడ్డ కర్చీఫు సన్నటి దుమ్ముని ఆపదు. చెవులకి, ముక్కుకి మఫ్లర్ చుట్టుకుని ముక్కుతో ఊపిరి తీసుకుంటే లోపలికి వెళ్లే గాలి కాస్త వెచ్చబడుతుంది.

భోగి మంట దూరం నుంచి చూడండి, ఆ తెల్లవారుజామున చీపుళ్లు, పాత టైర్లు వేసే వీధుల్లో కిటికీలు మూసుకోండి. నుమాయిష్‌కి జనవరి, ఫిబ్రవరిలో వెళ్లాలనుకుంటే జనం తక్కువుండే రోజు, మాస్క్‌తో, జేబులో ఇన్‌హేలర్‌తో వెళ్లండి.

వంటింటి మందులు, చేప మందు

తేనె గొంతుకి హాయినిస్తుంది, దగ్గు తగ్గిస్తుందని ఆధారాలూ ఉన్నాయి, ఏడాది లోపు పిల్లలకి మాత్రం నాకించకూడదు. పసుపు పాలు, అల్లం, మిరియాల కషాయం మీకు పడితే తాగండి, ఇన్‌హేలర్‌కి తోడుగా. ఆవిరి ముక్కు దిబ్బడకి కాసేపు బాగుంటుంది, ఆస్తమా వాపు మీద పనిచేయదు, పైగా అందులో బామ్ కలిపితే ఆ ఘాటుకే కొందరికి నాళాలు బిగుసుకుంటాయి. వేడినీళ్ల గిన్నె ఒలికి పిల్లలు కాలడం కూడా జరుగుతుంది. పెరుగు, అరటిపండు, జామకాయ తింటే దగ్గు పెరుగుతుందని అందరికీ వర్తించే నియమం లేదు, మీకు తిన్న ప్రతిసారీ పెరిగితే మానండి, లేకపోతే తినండి. పిల్లల సిరప్‌ల విషయంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో రెండేళ్ల లోపు వాళ్లకి రాయొద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకి సాధారణంగా వద్దని చెప్పింది.

మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం ఏటా జూన్‌లో దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. నమ్మకంతో వెళ్లేవాళ్లని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. దానితో ఆస్తమా నయమవుతుందని వైద్య పరీక్షల్లో తేలలేదు. వెళ్లేవాళ్లు ఆ రోజు ముందూ, తర్వాతా కూడా ఇన్‌హేలర్ ఆపొద్దు, ఆ క్యూలోనూ జేబులో ఉంచుకోండి.

రాసుకోండి, రాసుకున్నది చూపించండి

పీక్ ఫ్లో మీటరు ఒకటి కొనుక్కోండి, గాలి ఎంత వేగంగా ఊదగలమో చూపించే చిన్న గొట్టం, పెద్ద ఖరీదు కాదు. ఉదయం, సాయంత్రం మందుకి ముందు నిలబడి మూడుసార్లు బలంగా ఊది, వచ్చిన వాటిలో పెద్ద అంకె రాయండి. ఉదయం 300, సాయంత్రం 380 వచ్చిందనుకోండి, తేడా 80, సగటు 340, అంటే సుమారు 23.5 శాతం ఊగిసలాట. పెద్దవాళ్లలో వారం రెండు వారాల సగటు 10 శాతం దాటితే నాళాలు ఇంకా కుదుటపడలేదని అర్థం. మీరు బాగున్న రోజుల్లో వచ్చే అత్యధిక అంకె తెలిసి ఉండాలి. అందులో 80 శాతం కంటే కిందికి వస్తే డాక్టరుకి ఫోన్ చేసే సమయం, సగానికి పడిపోతే ఆసుపత్రికి వెళ్లే సమయం.

దాంతోపాటు నాలుగు ప్రశ్నలకి జవాబు రాయండి: గత నాలుగు వారాల్లో పగలు వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ ఇబ్బంది పడ్డారా, రాత్రి లేచారా, ఉపశమన ఇన్‌హేలర్ వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ వాడారా, పనులేమైనా ఆగిపోయాయా. ఒక్క అవును ఉన్నా ఆస్తమా పూర్తిగా అదుపులో లేదు. "దగ్గు అలాగే ఉంది డాక్టర్" అనడానికీ, ఈ కాగితం చూపించడానికీ ఆయన ఇచ్చే జవాబులో చాలా తేడా ఉంటుంది.

వాపు తగ్గించే ఇన్‌హేలర్ మొదలుపెట్టాక మొదటి వారం పెద్ద మార్పు లేకపోతే నిరాశ పడకండి. రాత్రి లేవడం ముందు తగ్గుతుంది, తర్వాత ఉదయం దగ్గు, చివరగా నవ్వినప్పుడు, మాట్లాడినప్పుడు వచ్చేది, ఎక్కువమందిలో ఈ వరసే చూశాను. సరైన పద్ధతిలో రోజూ వాడుతున్నా నాలుగు వారాలకి ఏ మార్పూ లేకపోతే, లేదా దగ్గు మొత్తం ఎనిమిది వారాలు దాటితే, ఛాతీ నిపుణుల దగ్గరికి వెళ్లండి. ఎర్రగడ్డలో, నిమ్స్‌లో, గాంధీలో ఛాతీ విభాగాలు ఉన్నాయి. దగ్గు ఆగిన మర్నాడే మందు మానకండి. వాపు ఇంకా లోపల ఉంటుంది, డోసు ఎప్పుడు తగ్గించాలో డాక్టరే చెప్పాలి, సాధారణంగా రెండు మూడు నెలలు నిలకడగా ఉన్నాకే ఆ మాట ఎత్తుతారు.

వచ్చే చలికాలానికి ముందు చేయాల్సినవి ఇప్పుడే క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి, రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది కాబట్టి జలుబు మొదలయ్యాక పరిగెత్తి లాభం లేదు, న్యుమోకోకల్ టీకా సంగతి కూడా అప్పుడే అడగండి. జలుబు మొదలైన రోజే ఏ ఇన్‌హేలర్ ఎన్ని పఫ్‌లకి పెంచాలి, ఎప్పుడు ఆసుపత్రికి రావాలి అన్నది ఒక కాగితం మీద డాక్టరు చేత రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి, ఫోటో తీసి ఇంట్లో అందరికీ వాట్సాప్‌లో పంపండి. పిల్లలకైతే ఆ కాపీ ఒకటి, స్పేసర్ ఒకటి స్కూల్‌లో క్లాస్ టీచర్ దగ్గర ఉండాలి. ఇన్‌హేలర్ డబ్బా మీది పఫ్‌ల అంకె, గడువు తేదీ నెలకోసారి చూసుకోండి. నీళ్లలో తేల్చి చూస్తే మందు ఎంత ఉందో తెలియదు. అంకె 20 దగ్గరికి రాగానే కొత్తది కొనేయండి.